ధాన్యం సేకరణలో నాణ్యతా నిర్వహణ – బాన్సువాడ ప్రాంతానికి ముప్పు ఆధారిత దృష్టి

తయారైన సరుకును చివరి దశలో తనిఖీ చేసి, లోపమున్నదానిని వేరుచేయడం నాణ్యతా నిర్వహణలో పాత పద్ధతి. లోపం ఏ దశలో, ఏ కారణంగా పుడుతుందో ముందే గుర్తించి అక్కడే నివారించడం ఆధునిక పద్ధతి. అంతర్జాతీయ నాణ్యతా ప్రమాణమైన ఐ.ఎస్.ఓ. 9001 తన 2015 కూర్పులో నివారణ చర్యలకు ఉన్న ప్రత్యేక నిబంధనను తొలగించి, ముప్పును అంచనా వేసే ఆలోచనను నిర్వహణ అంతటికీ వర్తింపజేసింది. ఈ దృష్టి కర్మాగారాలకు ఎంత అవసరమో, ధాన్యం కొనుగోలు కేంద్రాలకూ అంతే అవసరం.

మంజీర నదిపై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఆయకట్టులో బాన్సువాడ ముఖ్యమైన వరి ప్రాంతం. మద్దతు ధరకు సేకరించే ధాన్యంలో తేమ 17 శాతానికి మించరాదు. తాలు, గడ్డి వంటి సేంద్రియ వ్యర్థాలు 1 శాతం, మట్టి, రాళ్లు 1 శాతం, పక్వానికి రాని, ముడుచుకున్న గింజలు 3 శాతం, దెబ్బతిన్న, రంగు మారిన, మొలకెత్తిన, పురుగు పట్టిన గింజలు 5 శాతం వరకే అనుమతిస్తారు. ఈ పరిమితులను కాంటా దగ్గర మాత్రమే పరిశీలిస్తే లోపం బయటపడుతుంది గాని తొలగిపోదు. ధాన్యం మిల్లుకు చేరిన తరువాత తేడా తేలితే, సరిదిద్దుకొనే అవకాశం లేని రైతుపై తరుగు రూపంలో నష్టం పడుతుంది.

ముప్పులు ఎక్కడ?

మొదటిది కోత. సుమారు 80 నుండి 85 శాతం గింజలు బంగారు రంగుకు మారకముందే హార్వెస్టర్‌ను పొలంలో దింపితే తేమ, పచ్చిగింజలు రెండూ పెరుగుతాయి. యంత్రపు గాలి వేగం సరిగా అమర్చకపోతే తాలు ధాన్యంతోనే వస్తుంది.

రెండవది ఆరబెట్టడం. యాసంగి కోతల సమయంలో అకాల వర్షం కురిస్తే కల్లంలోని కుప్ప తడిసి గింజ మొలకెత్తుతుంది. వర్షం కురిసే అవకాశం తక్కువగా కనిపించినా నష్టం పెద్దది కనుక టార్పాలిన్లు, ఎత్తైన కల్లం ముందే సిద్ధంగా ఉండాలి. అవకాశాన్ని, నష్ట తీవ్రతను కలిపి చూడటమే ముప్పు అంచనాలోని కీలకం.

మూడవది కొలత. కుప్పపై పొర ఆరి, లోపల తేమ నిలిచి ఉండవచ్చు. అందువల్ల కుప్పలో పలుచోట్ల, వేర్వేరు లోతుల నుండి నమూనాలు తీసి కలిపి పరీక్షించాలి. కేంద్రంలోని మీటరు, మిల్లులోని మీటరు ఒకే నమూనాకు ఒకే ఫలితం చూపుతున్నాయో లేదో సీజన్‌కు ముందే సరిచూడాలి.

లెక్క తెలిస్తే వివాదం తగ్గుతుంది

20 శాతం తేమగల 100 కిలోల ధాన్యంలో నీరు కాక మిగిలిన పదార్థం 80 కిలోలు. దానిని 17 శాతం తేమకు ఆరబెడితే బరువు సుమారు 96.4 కిలోలు అవుతుంది, తగ్గిన 3.6 కిలోలు నీరు మాత్రమే. అదే ధాన్యాన్ని 14 శాతం వరకు ఆరబెడితే బరువు సుమారు 93 కిలోలకు దిగుతుంది. దీర్ఘకాల నిల్వకు అది మేలైనా, వెంటనే అమ్మే రైతుకు తూకంలో నష్టం. తీవ్రమైన ఎండలో వేగంగా ఆరిన గింజ పగుళ్లు బారి మిల్లులో నూక అవుతుంది. కాబట్టి అధిక తేమ వలెనే అతిగా ఆరబెట్టడం కూడా ముప్పే.

చేపట్టవలసిన చర్యలు

• కోత తేదీలను కేంద్రం సామర్థ్యానికి, లారీలు, గోనె సంచుల లభ్యతకు అనుగుణంగా ముందే నిర్ణయించుకోవాలి.
• తూర్పారపట్టే యంత్రాన్ని కాంటాకు ముందే వినియోగించాలి.
• తేమ శాతం, పరీక్షించిన సమయం, తూకం రైతు సమక్షంలో నమోదుచేసి రసీదు ఇవ్వాలి.
• ఇరుపక్షాలు అంగీకరించిన నమూనాను సీలు వేసి, మిల్లులో ధాన్యం దిగే వరకు భద్రపరచాలి.
• ప్రతి సీజన్ చివర తిరస్కరణలను కారణాల వారీగా సమీక్షించి, తరువాతి సీజన్‌లో ఆ దశను సరిదిద్దాలి.

తరుగు ఎంత అన్న ప్రశ్న కాంటా తరువాత తలెత్తుతుంది. అది ఎందుకు వచ్చింది అన్న ప్రశ్నను కోతకు ముందే వేసుకున్నప్పుడు రైతు శ్రమకు తగిన విలువ, మిల్లుకు మేలైన ధాన్యం, వినియోగదారునికి మంచి బియ్యం లభిస్తాయి.