మొక్క నాటే ముందు 72 గంటలు

పర్మాకల్చర్ అనగానే మనవాళ్లలో చాలామందికి జీవామృతం, ఆవుపేడ, మందులు కొట్టని సేద్యం గుర్తొస్తాయి. చుట్టరికం ఉన్న మాట నిజమే, కానీ రెండూ వేరు. ఏ ఎరువు వేయాలి, పురుగు పడితే ఏం చేయాలి అన్నది ప్రకృతి సేద్యం చూసుకుంటుంది. బావి ఎక్కడుంది, కొట్టం ఎక్కడుంది, వాననీరు ఏ మూల నుంచి దిగి ఏ మూల దాటిపోతోంది, పడమటెండ ఏ గోడను కాలుస్తోంది, ఇన్నింటి మధ్య ఏది ఎక్కడుంటే మనిషికి పని తగ్గుతుంది అని పర్మాకల్చర్ అడుగుతుంది. అందుకే దీన్ని నేర్పే కోర్సు పేరులో డిజైన్ అన్న మాట ఉంటుంది.

టాస్మానియాలో బిల్ మాలిసన్, డేవిడ్ హోమ్‌గ్రెన్ కలిసి 1978లో తెచ్చిన పుస్తకంతో ఈ ఆలోచన లోకానికి తెలిసింది. దాన్ని 72 గంటల పాఠంగా మలిచినవాడు మాలిసన్. 1988లో ఆయన రాసిన లావుపాటి డిజైన్ పుస్తకమే నేటికీ చాలా చోట్ల ఆ పాఠానికి ఆధారం. అందులో నేల, నీరు, చెట్లతో పాటు చలిదేశాల సేద్యమూ ఉంటుంది, చివర్లో డబ్బు, భూమి హక్కులు, ఊరి కట్టుబాట్ల సంగతీ ఉంటుంది. మంచు కురిసే చోట తోట ఎలా వేయాలో చెప్పేటప్పుడు మనవాళ్లు కాస్త కునుకు తీసినా నష్టం లేదు.

తెలుగు నేలకు ఇది నిన్నమొన్న వచ్చింది కాదు. మాలిసన్ 1980ల్లోనే భారతదేశం వచ్చి శిక్షణ ఇచ్చాడు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లోని దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దీన్ని తొలిరోజుల్లోనే అందుకుంది. ఆ ప్రాంతంలోనే కొప్పుల నర్సన్న, పద్మ దంపతులు అరణ్య సంస్థ ద్వారా ఏళ్లుగా నేర్పుతున్నారు. 2017 నవంబరులో అంతర్జాతీయ పర్మాకల్చర్ సదస్సు హైదరాబాద్‌లో జరిగింది, దాని వెంటనే జరిగిన సమావేశానికి దేశదేశాలవాళ్లు బిడకన్నెలోని అరణ్య పొలానికి వెళ్లారు. అసలు జొన్న, కంది, పెసర, అనుములు ఒకే చేలో కలిపి వేసే మెట్టసేద్యం ఉన్న చోట ఈ విద్య వేరూనడం వింతేమీ కాదు.

ఆ 72 గంటలను రెండు రకాలుగా నేర్పుతారు. మొదటిది, నేర్పే చోటే రెండు వారాల పాటు ఉండి, తిని, పడుకుని నేర్చుకోవడం. రెండోది, దగ్గర్లో ఉన్న చోట శని, ఆదివారాల్లో విడతలుగా. రోజుకు ఆరు గంటల చొప్పున నెలకో వారాంతం వెళ్తే ఆరు నెలల్లో పూర్తవుతుంది. మొదటిదానిలో స్నేహాలు గట్టిగా కుదురుతాయి, మనసు చెదరదు. అయినా ఇంటి దగ్గర కాస్తో కూస్తో నేల ఉన్నవాళ్లకు రెండోదే మేలని నా అభిప్రాయం. రెండు వారాల్లో ఒకే కాలం కనిపిస్తుంది. మే నెలలో మొదలుపెట్టి విడతలుగా నేర్చుకుంటే బీటలు వారిన నేలా, తొలకరీ, ముసురూ అన్నీ మన పొలంలోనే చూస్తాం. పోయిన వారం విన్నది ఈ వారం పెరట్లో సరిచూసుకోవచ్చు, కుదరకపోతే వచ్చే తరగతిలో నిలదీయవచ్చు.

మొదట్లో చెప్పేది జోన్ల సంగతి. ఇల్లు సున్నా. వంటింటి తలుపు తీస్తే చేతికందే కరివేపాకు, కొత్తిమీర, పచ్చిమిర్చి ఒకటో జోన్. రోజుకోసారి వెళ్లే కోళ్లగూడు, నిమ్మ, జామ రెండు. పంటపొలం మూడు, మేతా వంటచెరకూ నాలుగు. ఐదోది మనం చేయి పెట్టకుండా వదిలేసే అడవి. వీటిని గజాలతో కొలవరు, ఎన్నిసార్లు వెళ్తామన్నదే కొలత. ఇంటికి ఇరవై అడుగుల దూరంలోనే ఉన్నా ఎవరూ తొక్కని మూల నాలుగో జోన్ కావచ్చు. రోజూ బర్రెను కట్టేయడానికి వెళ్లే దారి పక్కన ఎంత దూరమైనా ఆకుకూర బతుకుతుంది.

ఆ తర్వాత వాలు. దీనికి వాడే పనిముట్టు ఏ-ఫ్రేమ్. మనిషెత్తున్న రెండు సమానమైన కర్రలు పైన కలిపి కట్టి, నడుమ ఒక అడ్డకర్ర బిగించి, కొన నుంచి దారానికి రాయి వేలాడదీస్తారు. దాన్ని నేల మీద నిలిపి, దారం అడ్డకర్రను తాకిన చోట గుర్తు పెట్టాలి. కాళ్లు రెండూ అటుదిటు మార్చి అదే చోట్ల నిలిపి, మళ్లీ గుర్తు పెట్టాలి. ఆ రెండు గుర్తుల సరిగ్గా మధ్యన మూడో గీత గీస్తే పనిముట్టు సిద్ధం. ఇక ఒక కాలు కదలకుండా ఉంచి, రెండోదాన్ని ముందుకు తిప్పుతూ, దారం నడిమి గీత మీద నిలిచిన చోట మేకు కొట్టుకుంటూ పోవడమే. నాలుగు మేకులు పడేసరికి మన కంటికి చదునుగా తోచిన చేను ఎటు వంగిందో బయటపడుతుంది. వాలుకు అడ్డంగా దున్నమని పెద్దలు చెప్పే మాటకు కొలత ఇక్కడ దొరుకుతుంది.

ఆ మేకుల వెంట కందకం తీసి, మట్టిని దిగువ వైపు గట్టుగా పోస్తే వాననీరు పరుగెత్తకుండా నిలిచి ఇంకుతుంది. ఎంత నీరు? ఎకరం మీద ఒక్క సెంటీమీటరు వాన అంటే సుమారు 40 వేల లీటర్లు. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద, ఏడాదికి 550 మిల్లీమీటర్ల ప్రాంతంలో వాన పడే అనంతపురంలో కూడా, అరలక్ష లీటర్లు పడతాయి. ఈ లెక్క ఒకసారి చేసినవాళ్లు బోరు వేయించే ముందు కాస్త ఆలోచిస్తారు.

అయితే తరగతి అయిన మర్నాడే పార పట్టుకోకూడదు. ఎర్ర చెలకలో నీరు గబగబా ఇంకుతుంది. నల్లరేగడి ఉబ్బి నీటిని పట్టేస్తుంది, అక్కడ కందకం పక్కన వేసిన కంది వేరు కుళ్లి చస్తుంది. ఏ నేలో తేల్చుకోవడానికి సీసాలో మట్టి, నీళ్లు పోసి బాగా కుదిపి పెడితే చాలు. ఇసుక నిమిషంలో అడుగుకు చేరుతుంది, సన్నటి ఒండ్రుకు గంటలు పడుతుంది, బంకమట్టి మర్నాటికి కూడా నీటిని మబ్బుగానే ఉంచుతుంది. కందకం నిండితే మిగులు నీరు పోయే దారి కూడా ముందే రాళ్లు పేర్చి ఉంచాలి, లేకపోతే పెద్ద వానకు గట్టు తెగి ఉన్న మట్టీ పోతుంది.

చివర్లో ఎవరికివారు ఒక స్థలానికి డిజైన్ గీసి అందరి ముందూ వివరించాలి. దాని మీదే సర్టిఫికెట్ ఇస్తారు. అది ప్రభుత్వ పట్టా కాదు, చూపించి ఉద్యోగం అడిగేదీ కాదు. చేరే ముందు రెండు సంగతులు కనుక్కోండి: ఆ డిజైన్ మన సొంత నేలకే చేయనిస్తారా, నేర్పేవాళ్లకు మన నేలా మన వానా మీద పండించిన అనుభవం ఉందా. బొమ్మల్లో కేరళ తోట చూపించి కల్వకుర్తిలో వేయమనేవాళ్లూ ఉంటారు.

ఇందులో నాకు కొరతగా తోచేది ఒకటుంది. ఈ పద్ధతి చెట్టును నమ్ముకుంది, చెట్టు ఏళ్లను నమ్ముకుంది. ఏటేటా కౌలు మార్చుకునే రైతు మామిడి ఎలా నాటుతాడు? నాటితే తన హక్కు పోతుందని ఆసామి ఊరుకోడు. హైదరాబాద్ చుట్టుపక్కల ఎకరం కొన్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి ఈ చిక్కు లేదు, అందుకే తరగతుల్లో వాళ్లే ఎక్కువగా కనిపిస్తారు. కౌలు రైతుకు ఇందులో పనికొచ్చేవి ఆ ఏ-ఫ్రేమ్, వాలుకు అడ్డంగా సాళ్లు, కలిపి వేసే పంటలు, నేలను ఆకులూ గడ్డీతో కప్పి ఒక్క కారులోనే ఫలితమిచ్చే మల్చింగ్. మొత్తం కోర్సు కాకపోయినా, ఊళ్లోనే రెండు ఆదివారాలు అతని చేలోనే చూపించగలిగితే చాలు.