ఒంటరిగా తొలి ప్రయాణం: తాళంచెవి ఇచ్చాక ఇంటి బాధ్యత ఏమిటి?

ఉతై (ఛత్తీస్‌గఢ్): తెలుగు ఇళ్లలో గడప దాటేవారు ‘వెళ్తాను’ అనరు, ‘వెళ్లొస్తాను’ అంటారు. కొత్తగా లైసెన్సు పొందిన పద్దెనిమిదేళ్ల కుమారుడో కుమార్తెో స్కూటర్ తాళంచెవి అందుకొని అదే మాట చెప్పినప్పుడు, ఇన్నేళ్లుగా విన్నదే అయినా తల్లిదండ్రులకు కొత్తగా వినిపిస్తుంది. బిడ్డ తన పనులు తాను చూసుకునే వయసుకు వచ్చిందన్న సంతోషం ఒకవైపు, బండి కనుమరుగైన క్షణం నుంచి మొదలయ్యే గుబులు మరోవైపు. ఈ రెండింటిలో ఏదీ తప్పు కాదని రహదారి భద్రతా పరిశోధనలు చెబుతున్నాయి.

దుర్గ్ జిల్లాలో భిలాయ్ ఉక్కు నగరానికి సమీపంలోని ఉతైలో ఈ సందిగ్ధం నిత్యానుభవం. భిలాయ్ కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఇక్కడి ఉపాధి కోసం తరలివచ్చిన అనేక తెలుగు కుటుంబాలు ఈ ప్రాంతంలోనే స్థిరపడ్డాయి. తొలితరం కార్మికులు సైకిళ్లపై షిఫ్టులకు వెళ్లగా, వారి మనవలు, మనవరాళ్లు నేడు స్కూటర్లపై కళాశాలలకు, కోచింగ్ తరగతులకు వెళ్తున్నారు. టౌన్‌షిప్ సెక్టార్లలోని వీధుల్లో బండి నేర్చుకోవడం వేరు, ఊరి నుంచి నగరానికి లారీలు, బస్సుల నడుమ రాకపోకలు సాగించడం వేరు.

చట్టం ఏం చెబుతోంది?

మోటారు వాహనాల చట్టం–1988 ప్రకారం బహిరంగ ప్రదేశాల్లో మోటారు వాహనం నడపడానికి 18 ఏళ్లు నిండాలి. 50 సీసీకి మించని మోటారు సైకిల్‌కు మాత్రం 16 ఏళ్లు చాలు. అయితే ఇళ్లలో సాధారణంగా ఉండే 110, 125 సీసీ స్కూటర్లకు ఈ మినహాయింపు వర్తించదు.

2019 సవరణతో చేర్చిన 199-ఎ సెక్షన్ తల్లిదండ్రుల బాధ్యతను మరింత పెంచింది. మైనర్ బండి నడిపి నేరానికి పాల్పడితే సంరక్షకుడిని లేదా వాహన యజమానిని దోషిగా పరిగణిస్తారు. మూడేళ్ల వరకు జైలుశిక్ష, రూ.25 వేల జరిమానా విధించవచ్చు. వాహన రిజిస్ట్రేషన్ 12 నెలలపాటు రద్దవుతుంది. ఆ మైనర్‌కు 25 ఏళ్లు నిండే వరకు లైసెన్సు లభించదు. తమకు తెలియకుండా జరిగిందని, లేదా నివారించేందుకు తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నామని నిరూపించుకోవాల్సిన భారం పెద్దలదే. పుణెలో 2024 మే 19న 17 ఏళ్ల బాలుడు నడిపినట్లు చెబుతున్న కారు ఢీకొని ఇద్దరు యువ ఇంజినీర్లు మరణించిన ఘటన తరువాత ఈ బాధ్యతపై దేశవ్యాప్తంగా చర్చ జరిగింది.

నడిమెట్టు లేని నిచ్చెన

పద్దెనిమిదేళ్లు నిండాక లెర్నర్స్ లైసెన్సు పొందిన అభ్యర్థి 30 రోజుల తరువాత శాశ్వత లైసెన్సుకు పరీక్షకు హాజరుకావచ్చు. నేర్చుకునే కాలంలో లైసెన్సు ఉన్న శిక్షకుడు వెంట ఉండాలి, బండికి ముందూ వెనుకా తెల్లని పలకపై ఎర్రని ‘ఎల్’ అక్షరం కనిపించాలి. పరీక్ష నెగ్గిన మర్నాటి నుంచి మాత్రం అనుభవాన్ని బట్టి ఎలాంటి పరిమితులూ ఉండవు. అర్ధరాత్రి అయినా, వెనుక సీటులో స్నేహితుడు ఉన్నా చట్టానికి అభ్యంతరం లేదు.

అసలు ముప్పు మొదలయ్యేది ఇక్కడే. పక్కన పెద్దవారు ఉన్న అభ్యాసకాలంలో ప్రమాదాలు తక్కువగా ఉంటాయని, ఒంటరిగా నడిపే తొలి నెలల్లో అవి బాగా పెరిగి, అనుభవంతో క్రమంగా తగ్గుతాయని వివిధ దేశాల అధ్యయనాలు తేల్చాయి. కారు నడిపే టీనేజర్ల విషయంలో రాత్రి వేళ ప్రయాణం, తోటి వయసు ప్రయాణికులు ఈ ముప్పును మరింత పెంచుతున్నట్లు వెల్లడైంది. బండిని అదుపు చేయడం కొన్ని వారాల్లో పట్టుబడుతుంది. ఎదుటి వాహనం ఏం చేయబోతోందో ముందే పసిగట్టడానికి మాత్రం ఎక్కువ కాలం పడుతుంది.

ఈ కారణంగానే న్యూజిలాండ్ 1987లో అంచెలవారీ లైసెన్సు విధానం ప్రవేశపెట్టింది. అక్కడ పరీక్ష నెగ్గినవారు మధ్య దశలో రాత్రి 10 నుంచి ఉదయం 5 గంటల వరకు ఒంటరిగా నడపకూడదు, పెద్దల పర్యవేక్షణ లేకుండా సాధారణంగా ఇతరులను ఎక్కించుకోకూడదు. ఇలాంటి విధానాలను అమెరికా రాష్ట్రాలు కూడా అనుసరించాయి. కొత్త డ్రైవర్ల ప్రమాదాలు తగ్గినట్లు అధ్యయనాల్లో తేలింది.

ఆ మెట్టును ఇల్లే కట్టాలి

మన చట్టంలో లేని ఈ మధ్య దశను కుటుంబమే ఏర్పరచుకోవచ్చు. తొలి కొన్ని నెలలు పగటి ప్రయాణాలకు, తెలిసిన దారులకు పరిమితం కావడం, వెనుక ఎవరినీ ఎక్కించుకోకపోవడం, ఆ తరువాత ఒక్కొక్క నిబంధనను సడలించడం ఇందులో ప్రధానం. ఎప్పుడు, దేనిని సడలిస్తారో ముందే చెబితే బిడ్డకు అది శిక్షగా తోచదు.

హెల్మెట్‌ విషయంలో మాత్రం సడలింపు ఉండకూడదు. కేంద్ర రహదారి రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. వారిలో దాదాపు 45 శాతం ద్విచక్ర వాహనదారులే. హెల్మెట్ లేకుండా ప్రయాణిస్తూ మరణించినవారు 50,029 మంది.

పెద్దలు కూడా ఒక నియమం పాటించాలి. బయలుదేరిన పది నిమిషాలకే ‘ఎక్కడున్నావు?’ అని ఫోన్ చేస్తే, ఆ ఆత్రుతే బండి నడిపే బిడ్డ దృష్టిని మళ్లిస్తుంది. దారిలో ఫోన్ చేయకుండా, గమ్యం చేరాక సందేశం పంపమని కోరడం మేలు. చీకటి పడినా, వాన ముంచుకొచ్చినా, బండి నడపడానికి మనసు ఒప్పకపోయినా ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చని, వచ్చి తీసుకెళ్తామని, అందుకు మందలించబోమని ముందే మాట ఇవ్వాలి. తిడతారన్న భయంతో అలసటలోనూ బండి నడిపే పరిస్థితి అప్పుడు రాదు.

తాళంచెవి దాచేస్తే అనుభవం రాదు. ఒక్కసారిగా వదిలేస్తే అనుభవం వచ్చేలోపే ముప్పు ఎదురుకావచ్చు. గుబులును మందలింపుగా కాక నియమంగా మార్చుకున్న ఇంట్లో ‘వెళ్లొస్తాను’ అన్న మాటకు ‘సరే, వెళ్లిరా’ అని నిబ్బరంగా బదులివ్వగలుగుతారు.