హిరణ్యాక్షుడి బలమెంత?

పిల్లలూ, మా పొందూరులో నూలు సంగతి వస్తే ఎవరూ నోటిమాట నమ్మరు. "సన్నటి నూలు" అంటే చాలదు. ఎన్నో నెంబరో చెప్పాలి. ఒక పౌండు నూలులో 840 గజాల చిలపలు నూరు వస్తే అది నూరో నెంబరు. నెంబరు పెరిగినకొద్దీ దారం సన్నమన్నమాట. మరి రాక్షసుడి బలానికి నెంబరు వేయడం ఎలా?

మా వీధి పిల్లలు అరుగుమీద కూర్చుని ఈ తగాదాలోనే పడ్డారు. "భూమిని చాపలా చుట్టి సముద్రంలో పడేసిన హిరణ్యాక్షుణ్ణి మించినవాడు లేడు" అన్నాడొక కుర్రవాడు. "సముద్రం భూమిమీదే ఉంది కదా! మరి భూమిని ఎందులో పడేశాడు?" అని ఒక అమ్మాయి అడిగింది. అందరూ ఫక్కున నవ్వారు. కాని అది నవ్వి తోసేయవలసిన ప్రశ్న కాదు. భూమి అడ్డుకొలత సుమారు 12,742 కిలోమీటర్లు. సముద్రం ఎంత లోతున్నచోటనైనా 11 కిలోమీటర్లే! కనుక కథలోని సముద్రం మన కళింగపట్నం ఒడ్డున కనిపించేది కాదు. అంతటా నిండిన ప్రళయజలం.

ఇక బరువు చూద్దాం. భూమిని తక్కెడలో పెట్టలేము గదా! అయినా 1798లో కావెండిష్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు, సన్నని తీగకు వేలాడే చిన్న సీసపు గుండ్లను పెద్ద గుండ్లు ఎంత లాగుతాయో ఓపికగా కొలిచాడు. దానినిబట్టి, భూమి నీటికంటె సుమారు అయిదున్నర రెట్లు సాంద్రమైనదని తేల్చాడు. ఆ ప్రకారం లెక్కవేస్తే భూమి మొత్తం 6 పక్కన 21 సున్నలు పెట్టినన్ని టన్నులు.

అయితే చాప చుట్టాలంటే బంతిని చుట్టలేము, పైపొరను ఒలవాలి. నేల విస్తీర్ణం 14.9 కోట్ల చదరపు కిలోమీటర్లు. ఒక మీటరు మందాన మట్టిని ఒలిచాడనుకోండి. ఘనపు మీటరుకు రెండు టన్నుల వంతున సుమారు 3 కోట్ల కోట్ల టన్నులు! గొప్ప బరువే. కాని మొత్తం భూమి దానికి రెండు కోట్ల రెట్లు. చూశారా, "చాప" అన్న ఒక్క మాటను ఎలా అర్థం చేసుకున్నామన్నదానిపై బలం రెండు కోట్ల రెట్లు మారిపోయింది!

అసలు తమాషా ఇంకొకటి ఉంది. భాగవతం మూడవ స్కంధం తీసి చదవండి. అక్కడ ఈ చాప చుట్టడమే కనబడదు. భూమి ముందే నీట మునిగి ఉంటుంది. హిరణ్యాక్షుడు గద పట్టుకుని యుద్ధంకోసం వెతుకుతూ తిరుగుతాడు. దేవతలు అతణ్ణి చూసి దాక్కుంటారు. సముద్రంలో దిగి అలలను ఏళ్ళతరబడి గదతో మోదుతాడు. వరుణుణ్ణి యుద్ధానికి పిలిస్తే, ఆయన కోపం దిగమింగుకుని, "నేను పోట్లాటలు మానుకున్నాను, విష్ణువు దగ్గరకు పో" అని పంపేస్తాడు. చాప మన అవ్వల కథల్లోది. వారిని తప్పుపట్టను, కాని సాక్ష్యం ఎక్కడిదో చెప్పి వాదించడం న్యాయం.

చివరకు వరాహమూర్తి చెవి మొదట చేతితో కొట్టిన దెబ్బకే హిరణ్యాక్షుడు కూలిపోతాడు. "అయితే అంత బలం లేనట్టేగా?" అన్నాడు కుర్రవాడు నీరసంగా. "కొట్టింది ఎవరో చూడు" అన్నది ఆ అమ్మాయి.

అతని అన్న హిరణ్యకశిపుడికి తూనికరాళ్ళు పనికిరావు. అతని బలమంతా వరంలోని షరతుల్లో ఉంది. సింహాచలంలో వరాహ నరసింహులు ఒకే మూర్తిలో ఉన్నారు. అక్కడికి వెళ్ళినప్పుడు అన్నదమ్ములిద్దరి లెక్కా వేసి చూడండి.