నడక ఒక్కటే చాలదండి

మా అమలాపురం చుట్టుపక్కల పెద్దోళ్లు మాట మర్చిపోతే "వయసైపోయింది, చాదస్తం" అని తేల్చేస్తాం. కానీ మన దేశంలో అరవై దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన ఓ జాతీయ అధ్యయనం అంచనా. వచ్చాక నయం చేసే మందు లేదు. అందుకే రాకముందు చేసే పని ముఖ్యం.

నడక మంచిదే. 2011లో అమెరికాలో 120 మంది పెద్దవాళ్లని పరీక్షించారు. ఏడాదిపాటు వారానికి మూడు రోజులు నడిచినవాళ్లకి మెదడులో జ్ఞాపకాలు చూసుకునే భాగం 2 శాతం పెరిగింది. ఒళ్లు సాగదీసే కసరత్తులతో సరిపెట్టినవాళ్లకి అది తగ్గింది.

అయినా నడక ఒక్కటే చాలదు. నడిస్తే మెదడుకి రక్తం బాగా అందుతుంది. బరువులెత్తితే కండ బలపడి షుగరు అదుపులో ఉంటుంది. షుగరు, బీపీ ముదిరితే మెదడులోని సన్నటి రక్తనాళాలే దెబ్బతింటాయి మరి. బ్యాలెన్స్ సాధన చేస్తే పడిపోవడం తగ్గుతుంది. తుంటి విరిగి మంచాన పడితే నడకా, నలుగురితో మాటా రెండూ ఆగిపోతాయి. అందుకే 65 దాటినవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు నడకలాంటి శ్రమ చేస్తూ, మూడు రోజులు బలానికీ బ్యాలెన్స్‌కీ పనికొచ్చే కసరత్తులు కలుపుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది.

ఇది మనకి కొత్తేం కాదండి. నెత్తిన నారుకట్టలతో సన్నటి గట్టు మీద నడిచే కూలి మనిషి మూడూ ఒకేసారి చేసేది. అలాగని చాకిరీయే కసరత్తని నేననను. తిండీ, విశ్రాంతీ లేని చాకిరీ మోకాళ్లు అరగదీస్తుంది. మోకాళ్లు అరిగి పని మానేసిన ఆ అమ్మే ఇప్పుడు రోజంతా అరుగు మీద కూచుంటోంది. ముందు ఆవిడ సంగతి చూడాలి.

ఖర్చేం లేదు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేవడం, గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడ్డం, నీళ్ల సీసాలు ఎత్తడం చాలు. ఓపికుంటే కోలాటం ఇంకా మేలు. అడుగు, తాళం, ఎదుటోళ్ల కర్ర అన్నీ గుర్తుపెట్టుకోవాలి కదా! గుండెజబ్బున్నవాళ్లు మాత్రం డాక్టర్నడిగి మొదలెట్టాలి.

ఊళ్లో బీపీ, షుగరు చూసే ఆరోగ్య కేంద్రంలోనే వారానికి రెండుసార్లు పెద్దోళ్లని కూడేసి ఇవి చేయించొచ్చు. మాత్రలిచ్చి పంపే చోట ఓ అరగంట కసరత్తు కూడా నేర్పమని అడుగుదాం.