గాయపడిన ముఖం, తెగని తొడిమ

మొదటి ప్రపంచ యుద్ధంలో కందకం సైనికుడి ఒంటిని కాపాడింది కాని, బయటికి తొంగిచూసిన తలను కాపాడలేకపోయింది. తూటాలు, ఫిరంగి గుండ్ల శకలాలు దవడలను, ముక్కులను ఎగరగొట్టాయి. బతికి బయటపడినవారికి నమలడం, మాట్లాడడం కష్టమైంది. నలుగురిలోకి రావడం అంతకంటే కష్టమైంది.

తొలినాళ్ళలో గాయపు అంచులను దగ్గరకు లాగి కుట్టేసేవారు. మచ్చ ముడుచుకునేకొద్దీ ముఖం మరింత వికృతమయ్యేది. న్యూజిలాండ్‌లో పుట్టి ఇంగ్లండ్‌లో స్థిరపడిన శస్త్రవైద్యుడు హెరాల్డ్ గిలీస్ మరో దారి పట్టాడు. మిగిలిన భాగాలను ముందు సహజ స్థానాలకు చేర్చితే గాని ఎంత లోపించిందో తెలియదు. ఆ తరువాతే లోపలి పొరను, ఎముక ఆధారాన్ని, పైచర్మాన్ని సమకూర్చాలి.

తెచ్చి అతికించిన చర్మం బతకాలంటే దానికి రక్తం అందాలి. ఒకవైపు తొడిమ తెగకుండా చర్మాన్ని మళ్ళించడం భారతదేశపు పాత విద్య. ఆంగ్లేయ సైన్యంలో ఎద్దులు తోలే కావస్జీ ముక్కును 1792లో టిప్పు సైనికులు కోశారు. నుదుటి చర్మంతో అతనికి కొత్త ముక్కు అమర్చిన వైనం 1794లో లండన్ పత్రికలో వెలువడింది. 1814లో జోసెఫ్ కార్ప్యూ లండన్‌లో ఆ పద్ధతిని అనుసరించాడు.

ముక్కుకు నుదురు చాలింది కాని, కాలిన ముఖానికి ఛాతీ చర్మం కావాలి. యాంటీబయాటిక్స్ లేని ఆ రోజుల్లో, పొడవైన తొడిమ అడుగుభాగం పచ్చిగా ఉండి చీము పట్టేది. 1917 అక్టోబరులో, జట్లాండ్ నౌకాయుద్ధంలో కాలిన విల్లీ వికరేజ్ అనే నావికుడికి చికిత్స చేస్తూ, తొడిమ అంచులు లోపలికి ముడుచుకోవడం గిలీస్ గమనించాడు. వాటిని కలిపి కుట్టగా అది గొట్టమైంది. పచ్చిభాగం లోపలికి పోయింది, రక్తప్రసరణ కొనసాగింది. కొత్తచోట రక్తనాళాలు ఏర్పడ్డాక, కొన్ని వారాలకు, గొట్టాన్ని కోసి వేరుచేసేవారు. ఒడెస్సాలో ఫిలాటోవ్ అంతకుముందే విడిగా ఇదే ఉపాయాన్ని కనుగొన్నాడు.

లండన్ సమీపంలోని సిడ్‌కప్ క్వీన్స్ ఆసుపత్రిలో 5,000 మందికి పైగా సైనికులకు 11,000కు మించి శస్త్రచికిత్సలు జరిగాయి. ఇది ఒక్కరి పని కాదు. దంతవైద్యులు విరిగిన దవడలను నిలబెట్టారు. ముఖం మీద మత్తు ముసుగు అడ్డం కాకుండా, శ్వాసనాళంలోకి గొట్టం పంపే పద్ధతిని ఐవాన్ మాగిల్ తీర్చిదిద్దాడు. శస్త్రవిద్య నేర్చిన చిత్రకారుడు హెన్రీ టాంక్స్ ఆ ముఖాలను చిత్రించాడు.

నేడు కాలి ఎముకను దాని ధమని, సిరలతో సహా తీసి, సూక్ష్మదర్శిని కింద మెడ రక్తనాళాలకు కలిపి కుట్టి, కొత్త దవడ నిర్మిస్తున్నారు. ఇక తొడిమతో పని లేదు. రక్తం అందాలన్న నియమం మాత్రం మారలేదు. నోటి క్యాన్సర్‌తో దవడ కోల్పోయినవారు మళ్ళీ అన్నం నమలగలగడం వెనుక ఆనాటి సైనికుల సహనం కూడా ఉంది.