పాత ఇంజను ఆయిల్‌తో వెచ్చదనం: ఆ పొయ్యి గురించి తెలుసుకోవలసినవి

కిందటి చలికాలంలో బి.పి. పరీక్షకు వచ్చిన ఒక తల్లి, మందుల చీటీ తీసుకున్నాక కూడా కుర్చీలోంచి లేవలేదు. "డాక్టరు గారూ, మా అబ్బాయికి రోజూ తలనొప్పి అంటున్నాడు. ఏ మాత్ర వేసుకోమని చెప్పమంటారు?" అని అడిగారు. ఆ అబ్బాయి అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో ఉంటున్నాడు. తలనొప్పి ఎప్పుడు వస్తోందని అడిగితే, "సెలవు రోజుల్లో ఇంటి పక్కన కారు షెడ్డులో పని చేసుకుంటాడండీ, అప్పుడే" అన్నారు. ఇంకెవరికైనా ఉందా అంటే, "మనవరాలికి కూడా తల తిరుగుతోందటండీ, అదీ అక్కడే ఆడుకుంటుంది" అన్నారు.

తరువాత ఆవిడ సెల్‌ఫోనులో ఒక ఫొటో చూపించారు. పాత గ్యాసు సిలిండరును కోసి, పైన ఒక డబ్బా, డబ్బా నుంచి సన్నని రాగి గొట్టం బిగించి, కుర్రవాడు తన చేతులతో చేసుకున్న పొయ్యి అది. కార్లలోంచి తీసిన పాత ఇంజను ఆయిల్‌తో మండుతుంది. "పైసా ఖర్చు లేదంటున్నాడు" అని ఆ తల్లి కొంచెం గర్వంగానే చెప్పారు.

తలనొప్పికి మాత్ర చెప్పలేదు. ఆ రాత్రే ఫోను చేసి పొయ్యి ఆర్పించమని చెప్పాము. ఎందుకు చెప్పామో మన పాఠకులందరికీ తెలియాలనే ఈ వ్యాసం. మన కుటుంబాల్లో చాలామంది పిల్లలు ఇప్పుడు చలిదేశాల్లో ఉన్నారు. మన ఊళ్లలో మెకానిక్ పని చేసుకునేవారూ ఉన్నారు. ఈ ఆయిల్ ఇద్దరి చేతుల్లోకీ వస్తుంది.

ఈ పొయ్యి ఎలా పనిచేస్తుంది?

ఇంజను ఆయిల్ కిరోసిన్‌లా అగ్గిపుల్ల గీయగానే అంటుకోదు. ముందు దాన్ని బాగా వేడిచేసి ఆవిరిగా మార్చాలి. ఆ ఆవిరి గాలితో కలిసినప్పుడే మంట వస్తుంది. అందుకని ఇళ్లలో చేసే పొయ్యిలో అడుగున ఒక ఇనుప పళ్లెం పెడతారు. మొదట కట్టెలతోనో కొద్దిపాటి కిరోసిన్‌తోనో ఆ పళ్లెం కాగేలా చేస్తారు. తరువాత పైడబ్బా కుళాయి తిప్పితే ఆయిల్ బొట్టు బొట్టుగా పళ్లెం మీద పడి, ఆవిరై మండుతుంది. పక్కన రంధ్రాల నుంచి గాలి అందుతుంది. కొందరు చిన్న బ్లోయరు కూడా పెడతారు.

వేడి విషయంలో అబద్ధం లేదు. లీటరు పాత ఆయిల్ ఇంచుమించు లీటరు డీజిలంత వేడినిస్తుంది. చలిదేశాల్లో కార్ల షెడ్లవారికి ఇది ఆకర్షణగా ఉండడంలో వింత లేదు. కంపెనీలు తయారుచేసి, పరీక్షలు జరిపించి అమ్మే పాత ఆయిల్ హీటర్లు కూడా అక్కడ ఉన్నాయి.

అయితే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆ ఆయిల్‌లో కాలేది కొంత, కాలనిది కొంత. కాలనిది మాయమైపోదు. గాలిలోకైనా వస్తుంది, బూడిదలోనైనా మిగులుతుంది. సగం కాలినదైతే మరీ ప్రమాదం.

వాసన లేని విషం

గాలి చాలినంత అందకపోతే ఏ మంట నుంచైనా కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. కళ్లు మండవు, దగ్గు రాదు. మన రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఊపిరి ఆడుతూనే ఉంటుంది, కానీ మెదడుకు, గుండెకు అందవలసింది అందదు.

మొదటి లక్షణాలు తలనొప్పి, తల తిరగడం, వికారం, నీరసం. అందువల్ల చాలామంది జలుబో పైత్యమో అనుకుంటారు. గుర్తుపట్టడానికి రెండు ఆనవాళ్లు ఉన్నాయి. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి రావడం ఒకటి. బయటకు వెళితే తగ్గి, లోపలికి వస్తే మళ్లీ మొదలవడం రెండోది. ఆ తండ్రికీ కూతురికీ ఈ రెండూ ఉన్నాయి. మంటల ప్రమాదాలు కాకుండా, కేవలం ఈ వాయువు వల్లే అమెరికాలో ఏటా 400 మందికి పైగా చనిపోతున్నారని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది.

ఇంకొక మాట. కోవిడ్ తరువాత చాలా ఇళ్లలో వేలికి పెట్టే ఆక్సీమీటరు ఉంది. ఈ విషం విషయంలో దాన్ని నమ్మకండి. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని కూడా అది మంచి రక్తంగానే లెక్కపెట్టి, 98 అనో 99 అనో చూపిస్తుంది. ఆసుపత్రిలో ప్రత్యేకంగా రక్తపరీక్ష చేస్తేనే సరైన సంగతి తెలుస్తుంది.

ఇది అమెరికా సంగతి మాత్రమే కాదు. చలి రాత్రుల్లో బాలింత గదిలో తలుపులూ కిటికీలూ మూసి బొగ్గుల కుంపటి పెట్టడం మన పెద్దలకు తెలుసు. ఆ కుంపటి నుంచి వచ్చేదీ ఇదే వాయువు. బొగ్గులు పొగ లేకుండా ఎర్రగా ఉన్నాయి కదా అని ధైర్యపడకూడదు. పసిబిడ్డకు పెద్దవారికంటే ముందే విషం ఎక్కుతుంది.

పాత ఆయిల్‌లో ఏముంటుంది?

కొత్త ఆయిల్ తేనె రంగులో ఉంటుంది. ఇంజనులో వేల కిలోమీటర్లు తిరిగాక నల్లబడుతుంది. అరిగిన బేరింగుల నుంచి, ఇతర భాగాల నుంచి సీసం, క్రోమియం, కాడ్మియం వంటి లోహాలు అందులోకి కొద్దికొద్దిగా చేరతాయి. ఆయిల్‌లో ముందే కలిపే మందుల నుంచి జింకు వస్తుంది. మన దేశంలో 2000వ సంవత్సరంలో సీసం కలిపిన పెట్రోలు అమ్మకం ఆగిపోయింది. అప్పటి నుంచి ఆయిల్‌లో సీసం బాగా తగ్గింది, కానీ పూర్తిగా పోలేదు. పిల్లల ఒంట్లో ఇంత సీసం ఉంటే ఫరవాలేదు అనే హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అది చదువునూ తెలివినీ దెబ్బతీస్తుంది.

బొట్టు బొట్టుగా పడి మండే పొయ్యిలో ఈ లోహాలు ఎక్కువ భాగం పళ్లెంలోనే గట్టి మడ్డిగా మిగులుతాయి. తుంపర్లుగా చిమ్మి మండించే రకంలో అవి చాలావరకు పొగతోపాటు గాలిలోకి పోతాయి. కాబట్టి మొదటి రకం మంచిదనుకోవద్దు. వారానికోసారి ఆ పళ్లెం గీకేది ఎవరు? ఆ బూడిద ఎగిరేది ఎక్కడ? అదే నేల మీద పిల్ల ఆడుకుంటోంది.

నల్లని మసిలో పాలీసైక్లిక్ హైడ్రోకార్బన్లు అనే రసాయనాలు కూడా ఉంటాయి. మసికీ క్యాన్సరుకూ సంబంధం ఉందని 1775లోనే లండన్ వైద్యుడు పెర్సివాల్ పాట్ రాశాడు. చిన్నప్పటి నుంచి పొగగొట్టాల్లోకి దిగి మసి దులిపినవారికి వృషణాల తిత్తి మీద క్యాన్సరు రావడం ఆయన గమనించాడు. వాడిన ఇంజను ఆయిల్‌లో కూడా ఈ జాతి రసాయనాలు పేరుకుంటాయి. మెకానిక్ సోదరులు దీన్ని మరిచిపోకూడదు. ఆయిల్ పీల్చిన గుడ్డను ప్యాంటు జేబులో పెట్టుకోకండి. చేతులు పెట్రోలుతో కాక సబ్బుతో కడుక్కోండి. పని బట్టలు ఇంట్లో పిల్లల బట్టలతో కలిపి ఉతకకండి.

షెడ్లలో బ్రేకులు శుభ్రం చేసే స్ప్రేల వంటివి ఆయిల్ డబ్బాలో కలిసిపోతుంటాయి. వాటిలో కొన్నింటిలో క్లోరిన్ ఉంటుంది. అది మండితే ఊపిరితిత్తులను కాల్చే ఆమ్లపు ఆవిర్లు వస్తాయి.

మంట ఎలా అదుపు తప్పుతుంది?

ఒకటి: చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ చిక్కగా ఉంటుంది, నెమ్మదిగా పడుతుంది. గది వేడెక్కేకొద్దీ పలచబడి వేగంగా పడుతుంది. కుళాయి ఎవరూ ముట్టుకోకపోయినా మంట పెద్దదవుతుంది. సాయంత్రం చక్కగా మండిన పొయ్యి అర్ధరాత్రి ఎర్రగా కాలి పక్కనున్న చెక్కను అంటించవచ్చు.

రెండు: పాత ఆయిల్ అడుగున నీళ్లు చేరతాయి. కాగిన నూనెలో నీటిబొట్టు పడితే ఏమవుతుందో వంట చేసేవారందరికీ తెలుసు. నీరు ఆవిరైతే సుమారు 1,700 రెట్లు వ్యాకోచిస్తుంది. మండుతున్న ఆయిల్ ఒక్కసారిగా పైకి చిమ్ముతుంది. ఈ మంట మీద నీళ్లు పోయకూడదనేది కూడా ఇందుకే.

మూడు: త్వరగా అంటుకోవాలని పెట్రోలో థిన్నరో కలిపితే పొయ్యి కాస్తా బాంబు అవుతుంది. ఆరిన పొయ్యి ఇంకా వేడిగా ఉండగా మళ్లీ ఆయిల్ వదిలినా అంతే. ఆవిరి లోపల నిండి, మంట తగలగానే పేలుతుంది.

నాలుగు: ఖాళీ అనుకున్న గ్యాసు సిలిండరులో గ్యాసు మిగిలి ఉంటుంది. కోసేటప్పుడు నిప్పురవ్వ చాలు. జింకు పూత వేసిన డ్రమ్ము వాడితే కాలిన జింకు పొగ పీల్చి జ్వరం, వణుకు వస్తాయి.

చట్టం ఏమంటుంది?

అమెరికాలో పాత ఆయిల్ కాల్చడాన్ని పూర్తిగా నిషేధించలేదు. ఈపీఏ అనే అక్కడి పర్యావరణ సంస్థ నిబంధనల ప్రకారం కార్ల షెడ్ల వంటి చోట్ల గంటకు 5 లక్షల బీటీయూలకు మించని హీటరు పెట్టుకోవచ్చు. తమ దగ్గర మారిన ఆయిల్, లేదా ఇళ్లవారు సొంతంగా మార్చుకుని తెచ్చిచ్చిన ఆయిల్ మాత్రమే వాడాలి. పొగ తప్పనిసరిగా బయటకు పోవాలి. రాష్ట్రాల, పట్టణాల నియమాలు, ఇంటి బీమా షరతులు ఇవి కాక వేరే ఉంటాయి.

మన దేశంలో వాడిన ఆయిల్‌ను 2016 నాటి నిబంధనల్లో ప్రమాదకర వ్యర్థాల జాబితాలో చేర్చారు. దాన్ని రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్నవారికే ఇవ్వాలి. 2024 ఏప్రిల్ 1 నుంచి ఆయిల్ తయారుచేసే, దిగుమతి చేసుకునే కంపెనీలకు కూడా పాత ఆయిల్ తిరిగి శుద్ధి చేయించే బాధ్యత పెట్టారు. నిజానికి ఇదే తెలివైన పని. ఆయిల్ అరిగిపోదు, మురికి పడుతుంది. శుద్ధి చేస్తే మళ్లీ ఆయిలే అవుతుంది. కాల్చితే ఒక్కసారితో సరి. కాలువలో పోస్తే బావులు, చెరువులు పాడవుతాయి.

మీ పిల్లలకు చెప్పవలసినవి

- మనుషులు పడుకునే చోట, పిల్లలు ఆడే చోట ఇంట్లో చేసిన ఆయిల్ పొయ్యి వద్దే వద్దు.
- ఏ మంట హీటరు ఉన్నా కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టుకోవాలి. కిటికీ కాస్త తెరిచాము కదా అంటే చాలదు.
- తప్పనిసరి అయితే, పరీక్షించి ముద్ర వేసిన హీటరు కొని, పొగగొట్టం తెలిసినవారి చేత బిగించుకోవాలి. ఏటా శుభ్రం చేయించాలి.
- అమెరికాలో కారు విడిభాగాల దుకాణాలు చాలావరకు పాత ఆయిల్‌ను ఉచితంగా తీసుకుంటాయి.

ప్రమాదం జరిగితే

తల తిరిగినా, ఎవరైనా స్పృహ తప్పినా ముందు అందరూ బయటి గాలిలోకి రావాలి. లోపల పడిపోయినవారి కోసం ఊపిరి బిగబట్టి పదేపదే లోపలికి వెళ్లి ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఉన్నారు. తలుపులన్నీ తెరిచి సాయం పిలవండి. ఇక్కడైతే 108, అమెరికాలో 911. మామూలు గాలిలో ఈ విషం సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. ఆసుపత్రిలో మాస్కుతో పూర్తి ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నరలో సగమవుతుంది. అందుకే తొందరపడాలి.

కాలితే ధారగా పడే చల్లని నీటి కింద 20 నిమిషాలు ఉంచండి. ఐసు, పసుపు, సిరా, టూత్‌పేస్టు పెట్టకండి. పిల్లలు ఆయిల్‌గానీ కిరోసిన్‌గానీ తాగితే వాంతి చేయించకూడదు. వాంతిలో అది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా తెస్తుంది. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

ఆ తల్లి తరువాతి నెల మళ్లీ వచ్చారు. కొడుకు మొదట ఒప్పుకోలేదట. "పొగగొట్టం పెట్టానమ్మా, నీకేం తెలుసు" అన్నాడట. సరే, అలారం ఒకటి కొని చూడమని ఆవిడ పట్టుబట్టారు. కొన్నాడు. పొయ్యి వెలిగించి గంట తిరగకుండానే అది మోగిందట. మనవరాలిని అప్పటికే ఇంట్లోకి పంపేశాడు. ఇప్పుడు ఆ షెడ్డులో పని ఉన్నంతసేపూ కరెంటు హీటరు వేసుకుంటున్నాడు. తలనొప్పులు లేవు.

"ఆ పొయ్యి ఏం చేశాడమ్మా?" అని అడిగాము.

"బయట మంచులో పడేశాడండీ" అన్నారు ఆవిడ, బి.పి. చూపించుకోవడానికి చెయ్యి చాపుతూ.