మొదటి రోగి ఎద్దు

*మనుషుల ఎముకలు ఒక శాఖకి, గొడ్ల పళ్ళు ఇంకో శాఖకి పంచేశాం. ఇద్దరికీ చాకిరీ చేసే మనిషి మనసు మాత్రం ఏ శాఖకీ రాలేదు. పశ్చిమ ప్రకాశంలో చాలా ఇళ్ళలో ఈ మూడు బాధలకీ బోరు ఒక్కటే.*

పుల్లలచెరువు వైపు నుంచి కవర్ స్టోరీ కావాలన్నారు ఎడిటర్‌గారు. నర్సుల మానసిక ఆరోగ్యం, రోగుల మానసిక ఆరోగ్యం, పశువుల జబ్బులు: వీటిమీద పరిశోధనలు ఏం చెబుతున్నాయో శుక్రవారం సాయంత్రానికల్లా తేల్చాలి. మూడు బీరువాల్లో ఉన్న ఫైళ్ళని ఒకే తాడుతో కట్టమన్నట్టుంది కదా అని మొదట విసుక్కున్నాను. తీరా కాగితాలు తిరగేస్తుంటే 1937 నాటి వైద్య వ్యాసం ఒకటి తగిలింది. ఎడిటర్‌గారు అడిగిన మూడింటికీ దారి అక్కడే దొరికింది. కాకపోతే రోగి మనసు గురించి ఆ వ్యాసం ఒక్క ముక్క చెప్పి వదిలేసింది. ఆ ముక్క దగ్గరే నేను ఆగిపోయాను.

నడుము బిగిసింది, మనసు బిగియలేదు

నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు మీద ఆ వ్యాసం. అచ్చయింది 'ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్'లో. రాసినవాళ్ళు నలుగురు: షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, మన్నాడి నాయర్. హెన్రీ షార్ట్ అప్పట్లో మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ డైరెక్టరు. మలేరియా క్రిమి మనిషి కాలేయంలో దాక్కుంటుందని 1948లో గార్న్‌హామ్‌తో కలిసి నిరూపించింది ఈయనే. బర్నార్డ్ ఎక్స్‌రే నిపుణుడు, మద్రాసు రేడియాలజీ సంస్థకి నేటికీ ఆయన పేరే. వీళ్ళు చూసిన రోగులు నెల్లూరు జిల్లావాళ్ళు. అప్పటి నెల్లూరు జిల్లా అంటే దర్శి, పొదిలి, కనిగిరి కూడా అందులోవే. మార్కాపురం, పుల్లలచెరువు వైపు ఆ రోజుల్లో కర్నూలు జిల్లా. పటంలో గీతలు వేరుగా ఉన్నా కరువు మాత్రం ఉమ్మడి ఆస్తే.

మనిషి ఎలా బిగిసిపోతాడో ఆ డాక్టర్లు వరస తప్పకుండా రాశారు. చిన్నప్పుడు పళ్ళ మీద మచ్చలు. తర్వాత చాలా ఏళ్ళు ఏమీ ఉండదు. ముప్ఫై దగ్గర పడేసరికి కాళ్ళూ చేతులూ తిమ్మిర్లు, ఒళ్ళంతా చీమలు పాకినట్టు. తర్వాత నడుము పట్టేస్తుంది. ఆ పట్టు వీపు మీదుగా మెడకి ఎక్కుతుంది. వెన్నుపూసలన్నీ అతుక్కుని ఒకే ఎముకగా తయారవుతాయి. మెడ తిప్పాలంటే మనిషి మొత్తం తిరగాలి. పక్కటెముకలు కదలవు కాబట్టి ఊపిరి పొట్టతోనే తీసుకోవాలి. ఆకలి చస్తుంది, ఒళ్ళు చిక్కుతుంది, చివరికి మంచమే గతి. ఇవన్నీ రాసిన తర్వాత ఆ వ్యాసం చెప్పే మాట ఒకటుంది: రోగి మనోశక్తి మాత్రం చెక్కుచెదరదు.

డాక్టర్ల లెక్కలో అది మంచి వార్త, మెదడుకి దెబ్బ తగల్లేదని. నాకు మాత్రం వ్యాసం మొత్తంలో అంతకంటే భయంకరమైన సంగతి కనబడలేదు. తెలివి పూర్తిగా ఉన్న మనిషి, నలభై ఏళ్ళకే మంచంలో పడి, ఒకరు తిప్పితేగానీ పక్కకి తిరగలేని స్థితిలో, తన ఇంటి అప్పులూ పిల్లల పెళ్ళిళ్ళూ అన్నీ తెలుస్తూనే పడుకుని ఉంటాడన్నమాట. ఆ చెక్కుచెదరని మనసులో ఏం జరిగిందని ఎవరూ అడగలేదు. ఆ కాలానికి అది తప్పు కాదు, అడిగే శాస్త్రమే ఇంకా అలవాటు పడలేదు. అన్నీ అలవాటైన ఈ కాలంలోనూ అడగకపోవడం మాత్రం తప్పే.

గొడ్డు ముందే చెప్పింది

ఈ జబ్బుని మన దేశంలో మొదట పట్టింది డాక్టర్లు కాదు, దున్నుకునే రైతులు. 1930ల మొదట్లో నెల్లూరు జిల్లాలో ఎద్దులు కాడి మోయలేక, కీళ్ళు పట్టేసి కుంటడం వాళ్ళు గమనించారని ఫ్లోరోసిస్ చరిత్ర రాసినవాళ్ళందరూ చెప్పే మాట. ఇలాంటి జబ్బే గొడ్లలో ఉందని 1934లో నైజాం ప్రాంతపు పశువైద్య అధికారి మహాజన్ నివేదిక ఇచ్చాడు. మనుషుల వ్యాసం రావడానికి ఇంకా మూడేళ్ళు పట్టింది.

గొడ్డు ఎలా చెబుతుందో తొట్టి దగ్గర నిలబడితే తెలుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న బర్రె మూతి ముంచి గటగటా పీలుస్తుంది. ఫ్లోరైడ్ ముదిరిన బర్రె దాహంతో వస్తుంది, మూతి పెడుతుంది, ఉలిక్కిపడినట్టు తీసేస్తుంది. మళ్ళీ వచ్చి నాలుకతో కొంచెం కొంచెం నాకుతుంది. పళ్ళు అరిగిపోయి లోపలి నరం బయటపడి ఉంటుంది, చన్నీళ్ళు తగిలితే జివ్వుమంటుంది. పెదవి ఎత్తి చూస్తే తెల్లగా ఉండాల్సిన ముందుపళ్ళ మీద గోధుమరంగు, నల్లరంగు చారలు, గుంటలు. కాళ్ళ మీద చెయ్యి పెట్టి నిమిరితే మోకాలి కింద ఎముక గడ్డలుగా తగులుతుంది. కొన్ని గొడ్లు ముందుకాళ్ళు మడిచి మోకాళ్ళ మీద వంగి మేస్తాయి.

సంతలో దీని దెబ్బ డబ్బు రూపంలో తగులుతుంది. రెండు పళ్ళదా, నాలుగు పళ్ళదా, ఆరు పళ్ళదా అని నోరు తెరిచి చూసి ధర కట్టే బేరంలో, అరిగిన పళ్ళున్న పడుచు గొడ్డు ముసలిదాని కింద జమ అవుతుంది. శాశ్వత పళ్ళు చిగురులో తయారయ్యేది దూడ ప్రాయంలోనే. అంటే మూడు నాలుగేళ్ళ లోపు ఏ నీళ్ళు తాగిందో దాని ధర అక్కడే తేలిపోయింది.

ప్లాంటు వెనక పైపు

తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారే లేకపోతే 1.5 దాకా ఒప్పుకోవచ్చని భారతీయ ప్రమాణాలు. ఒకే ఊళ్ళో ఒక బోరు బాగుండి, వంద గజాల అవతల ఇంకోటి పనికిరాకుండా ఉండొచ్చు. రాతిలో ఉన్న ఖనిజం, నీళ్ళలో సున్నం పాళ్ళు తక్కువై సోడా పాళ్ళు ఎక్కువ కావడం, ఎంత లోతున ఎంతకాలం నిలవ ఉన్నాయన్నది, ఇవన్నీ కలిసి తేలుస్తాయి. కంటికి కనబడదు, నాలుకకి తెలియదు, కాచినా పోదు.

మనుషులకి దారి దొరికింది. 2014లో ఎన్టీఆర్ సుజల పథకం 20 లీటర్ల క్యాన్ రెండు రూపాయలకని మొదలైంది. ఆ ముందూ వెనకా ప్రైవేటు ఆర్వో ప్లాంట్లు ఊరూరా లేచాయి. మంచిదే. ఇప్పుడు లెక్క చూడండి. పాలిచ్చే బర్రెకి ఎండాకాలంలో రోజుకి యాభై లీటర్ల పైనే నీళ్ళు కావాలి. మూడు క్యాన్లు కొని బర్రెకి పోసేవాళ్ళెవరు? మనిషి క్యాన్‌కి మారాడు, గొడ్డు బోరు దగ్గరే ఉండిపోయింది.

అసలు సంగతి ఇంకా వెనక ఉంది. ఆర్వో యంత్రం ఫ్లోరైడ్‌ని మాయం చేయదు, ఒక పక్కకి నెడుతుంది. లీటరుకి 3 మిల్లీగ్రాములున్న బోరు నీళ్ళలో సగం మంచినీళ్ళుగా తీస్తే, మిగిలిన సగంలో దాదాపు 6 మిల్లీగ్రాములు పోగవుతాయి. ఆ వేస్టు నీళ్ళు పైపులోంచి ప్లాంటు వెనక్కి పోతాయి. అక్కడ మురుగుకాలవ ఉందా, కుంట ఉందా, గొడ్ల తొట్టి ఉందా? నీళ్ళు వృథా పోకూడదనే మంచి బుద్ధితోనే ఆ పైపుని తొట్టిలోకి తిప్పే చోట, మనుషుల కోసం పెట్టిన ప్లాంటు గొడ్లకి రెట్టింపు మోతాదు ఇస్తోంది. పశువుల తాగునీటికి సాధారణంగా చెప్పే హద్దు లీటరుకి 2 మిల్లీగ్రాములు. నీటి శాఖ ముందు కుళాయిని పరీక్షిస్తుంది. వెనక పైపు ఏ శాఖదీ కాదు.

పాలు తాగేవాళ్ళు కంగారు పడనక్కరలేదు. ఫ్లోరైడ్ చాలావరకు ఎముకల్లో చేరుతుంది, పాలలోకి వచ్చేది బహుస్వల్పం.

చరిత్ర చెప్పడానికి ఎడిటర్‌గారు ఇచ్చింది ఒక్క పేరా: 1940లో పండిట్ బృందం తిండికీ ఈ జబ్బుకీ లంకె వెతికింది. 1955లో సిద్దిఖీ నల్గొండ రోగుల గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. 1970 ఫిబ్రవరి 2న నెల్లూరు, గుంటూరు, కర్నూలు ముక్కలతో ఒంగోలు జిల్లా పుట్టి తర్వాత ప్రకాశం అయింది. 1973లో హైదరాబాదు పోషకాహార సంస్థకి చెందిన కృష్ణమాచారి, కమల కృష్ణస్వామి పడుచువాళ్ళలో మోకాళ్ళు లోపలికి వంగే రకాన్ని లాన్సెట్‌లో పెట్టారు. ఆ దశకంలోనే నాగపూర్ నీరీ సంస్థ పటిక, సున్నంతో నీళ్ళలో ఫ్లోరైడ్ తీసే 'నల్గొండ పద్ధతి' తెచ్చింది. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టుకి 18.8 కిలోమీటర్ల మొదటి సొరంగం 2021లో, రెండోది 2024లో తవ్వడం పూర్తయింది. శ్రీశైలం నుంచి కృష్ణా నీళ్ళు వస్తే ఈ కథ చాలావరకు ముగుస్తుందని ఇక్కడి ఆశ. దాదాపు మూడు దశాబ్దాలుగా అదే ఆశ.

తొమ్మిది ప్రశ్నలు, పన్నెండు మార్కులు

ఇక మనసు సంగతి. కుంగుబాటుని పట్టడానికి ప్రపంచమంతా వాడే ప్రశ్నాపత్రం పీహెచ్‌క్యూ-9. తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు మార్కులు, పది గానీ అంతకు మించి గానీ వస్తే జాగ్రత్త పడాలి. గత రెండు వారాల్లో నిద్ర సరిగా పట్టిందా, నీరసంగా ఉందా, ఆకలి ఎలా ఉంది, కదలికలు మందగించాయా? ఇవి అందులో నాలుగు. నడుము బిగిసిన ఫ్లోరోసిస్ రోగిని అడగండి. నొప్పికి నిద్ర పట్టదు, లేస్తే నీరసం, ఆకలి లేదు, కదలడం సంగతి చెప్పనే అక్కర్లేదు. నాలుగు మూళ్ళు పన్నెండు. దిగులు గురించి ఇంకా ఒక్క మాట అనకముందే ఎముకలే ఆయన్ని గీత దాటించాయి. ఇంకోవైపు, నిజంగా కుంగిపోయిన ఇల్లాలు "నాకేం దిగులు బాబూ, మోకాళ్ళ నొప్పులే" అంటుంది. గోలీ తీసుకుని వెళ్ళిపోతుంది.

ప్రశ్నాపత్రాలు వద్దని కాదు. పశ్చిమ గోదావరిలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ వాళ్ళు ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్ ఇచ్చి ముప్ఫై గిరిజన గ్రామాల్లో అయిదు వేల మందిని అడిగించారు. 238 మందికి సాయం కావాలని తేలింది. వాళ్ళలో అంతకుముందు వైద్యం చేయించుకున్నవాళ్ళు ఇద్దరే. తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్ళినవాళ్ళు 30 మంది. రెండు ముప్ఫై అయిందని సంతోషించాలి, 208 మంది ఇంట్లోనే ఉండిపోయారని గుర్తూ పెట్టుకోవాలి.

నాకు అనుమానమల్లా కొలతలు కొలతల దగ్గరే ఆగిపోవడం మీద. నర్సుల అలసటని కొలిచే మాస్లాక్ పట్టిక 1981 నుంచి ఉంది. బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకి ఒకరు, మామూలు ఆసుపత్రిలో అయిదుగురికి ఒకరు నర్సు ఉండాలని భారత నర్సింగ్ కౌన్సిల్ చెబుతుంది. వార్డులో పడుకుని వచ్చిన ఎవరినైనా అడగండి, ఆ లెక్క ఎక్కడైనా కనబడిందా అని. ఊళ్ళలో విలేజ్ హెల్త్ క్లినిక్‌లో ఉండే బీఎస్సీ నర్సింగ్ చదివిన సిస్టరమ్మకి బీపీ, షుగరు, గర్భిణులు, టీకాలు, యాప్‌లో ఎంట్రీలు, వీటన్నిటి మధ్య మానసిక ఆరోగ్యం ఇంకో గడి. ఆ గడి నింపే మనిషి మనసుకి గడి లేదు.

ఇంట్లో ఉండే నర్సుకి జీతం కూడా లేదు. ఎక్కువ ఇళ్ళలో ఆమె కోడలు. తెల్లారి లేచి అత్తని పక్కకి తిప్పి, పక్క మార్చి, పేడ ఎత్తి, బర్రెకి నీళ్ళు పెట్టి, పాలు పోసి, మిరపకోతకి పోతుంది. రోగిని చూసుకునేవాళ్ళ భారాన్ని కొలిచే జారిట్ పట్టిక 1980లో వచ్చింది. అది రోగి గురించి అడుగుతుంది. గొడ్డు కుంటితే పాల డబ్బు ఆగి, ఆ ఆగిన డబ్బుతోనే అత్తకి మందులు ఆగుతాయన్న సంగతి అందులో ఏ ప్రశ్నకీ అందదు.

అందుకే పుల్లలచెరువు లాంటి మండలానికి కొత్త పరిశోధన కంటే కొత్త కాగితం కావాలంటాను. ఇంటికి ఒకటే కాగితం, నాలుగే గడులు: తొట్టిలో నీళ్ళ ఫ్లోరైడ్ ఎంత, గొడ్డు పళ్ళు ఎలా ఉన్నాయి, పెద్దవాళ్ళు వంగి కాలివేళ్ళు అందుకోగలరా, వాళ్ళని చూసుకునే మనిషి రాత్రి ఎన్ని గంటలు పడుకుంది. పశువైద్య సహాయకుడు, సిస్టరమ్మ ఒకే రోజు ఒకే గడప ఎక్కితే పది నిమిషాల పని. ఇద్దరూ ఉండేది ఒకే మండలంలోనే. జీతాలు వచ్చే శాఖలే వేరు.

---

తొట్టి దగ్గర జాగ్రత్తలు

వాన నీళ్ళలో, చెరువు నీళ్ళలో ఫ్లోరైడ్ సాధారణంగా తక్కువ. ఉన్నన్ని రోజులు ముందు దూడలకి, తర్వాత చూడి గొడ్లకి అవే పెట్టాలి. ఆర్వో వేస్టు నీళ్ళు తొట్టిలోకి రానీయొద్దు. ఖనిజ మిశ్రమం కొనేటప్పుడు ఫ్లోరైడ్ తీసేసిన ఫాస్ఫేట్‌తో చేసిందేనా అని డాక్టరుని అడగాలి. శుద్ధి చేయని రాతి ఫాస్ఫేట్‌లో అదే విషం ఉంటుంది.

అన్ని నడుము నొప్పులూ నీళ్ళవి కావు

గొడ్లు, గొర్రెలు ఈసుకుపోయే బ్రూసెల్లా రోగం మనుషులకీ సోకుతుంది. మాయ చేత్తో తీసినవాళ్ళకి, పచ్చిపాలు తాగినవాళ్ళకి వచ్చిపోయే జ్వరం, కీళ్ళ నొప్పులు, నడుము నొప్పి, దిగులు. రక్తపరీక్షతో తెలుస్తుంది, మందులతో తగ్గుతుంది. 2019లో మొదలైన జాతీయ పథకంలో 4 నుంచి 8 నెలల పెయ్యదూడలకి దీని టీకా ఉచితం. గాలికుంటుకి ఆరు నెలలకోసారి.

మందలో ముఖ్యమైనవి

చిటుకు రోగం: తొలకరి పచ్చిక మీద పడి మేసిన గొర్రె ఉన్నట్టుండి పడిపోతుంది. టీకా వానలకి ముందే. నీలినాలుక: వానల తర్వాత చిన్న దోమలాంటి పురుగుల వల్ల, మూతి వాచి, గిట్టలు నొప్పి. పారుడు రోగం (పీపీఆర్): మన దేశంలో 1987లో తమిళనాడులో బయటపడింది. 2030కల్లా ప్రపంచం నుంచే తరిమేయాలన్నది లక్ష్యం.

ఫోన్ చేయాలంటే

పశువుల అంబులెన్సు: 1962. మనసు బాగోలేకపోతే టెలిమానస్: 14416, తెలుగులోనే మాట్లాడొచ్చు. రోగులే కాదు, వాళ్ళని చూసుకునేవాళ్ళూ, నర్సులూ చేయొచ్చు.